గడి ముందు దిగని సైకిలు

1940 జూన్ 17, సోమవారం. ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలు. మృగశిర కార్తె నడుస్తోంది. పడమటి గాలి బాట మీది దుమ్మును లేపుతోంది. ఆకాశం నిండా మబ్బు ఉంది గాని చినుకు లేదు. వనపర్తి నుంచి పాన్‌గల్ వైపు పోయే బాటలో, పేరు రాయదలచుకోని ఒక ఊళ్ళో, దొర గడి ముందు నా సైకిలుకు అడ్డంగా ఒక కర్ర లేచింది. నేను ఆగాను.

ఈ చివరి మాటను గట్టిగా చెప్పవలసి వస్తోంది. ఆ తర్వాత వారం రోజులు చుట్టుపక్కల ఊళ్ళలో ‘టీకాల సారు ఆగకుండ పోయిండు’ అని చెప్పుకున్నారు. అది అబద్ధం. నేను ఆగాను, దిగలేదు. ఆగడం వేరు, దిగడం వేరు. ఈ తేడా తెలియనివారికి సైకిలు గురించీ తెలియదు, కట్టుబాటు గురించీ తెలియదు.

ఇప్పటికీ నేను ఎర్ర దీపం దగ్గర ఆగుతాను. ఎదురుగా బండి లేకపోయినా, కుక్క కూడా అడ్డం రాకపోయినా ఆగుతాను. వెనక ఉన్న కుర్రవాళ్ళు గంటలు కొడతారు, నా మనవడు సిగ్గుపడతాడు. ‘ఎవరూ లేరు కదా తాతా, పో’ అంటాడు. ఎవరూ లేనప్పుడు ఆగడమే ఆగడం. పోలీసును చూసి ఆగేది భయం. ఇంత చెప్పే మనిషివి ఆనాడు ఎందుకు ఎదురు తిరిగావని అడిగేవారున్నారు. వారికి జవాబుగానే ఇది రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. మాది మానవపాడు వైపు కూలికి పోయే కుటుంబం. ఆదివారం చర్చికి పోయేవాళ్ళం. నేను మిషన్ బడిలో చదువుకుని, పట్నంలో ఆరు నెలలు మశూచి టీకాలు వేయడం నేర్చుకుని కొలువులో చేరాను. మకాం వనపర్తి, పై అధికారి ఉండేది నాగర్‌కర్నూల్‌లో. టీకా మందు సన్నని గాజు గొట్టాలలో వచ్చేది. వాటిని తడిగుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, ఎండ ముదరకముందే ఊళ్ళకు చేర్చాలి. అందుకే సైకిలు కొన్నాను. పాత బండి, సీటు తోలు చిరిగి ఉండేది. కాని బెల్లూ బ్రేకులూ దీపమూ సరిగ్గా ఉండేవి, ఎందుకంటే అవి సరిగ్గా ఉండాలన్నది కట్టుబాటు.

ఆ కట్టుబాటును నేను పట్నంలో నేర్చుకున్నాను. అక్కడి నాలుగు బాటల కూడళ్ళలో పోలీసు జవాను నిలబడి చెయ్యెత్తితే బండ్లన్నీ నిలిచిపోయేవి. చేరిన మొదటి వారంలోనే ఒకనాడు నా పక్కన ఒక నవాబు గారి మోటారు ఆగింది. దాని దీపం నా మోకాలికి ఒక జానెడు దూరంలో ఉంది. నా కాలు నేల మీద ఆని ఉంది. నవాబు గారి చెయ్యి కిటికీ అంచు మీద ఆని ఉంది. ఇద్దరమూ ఒకే చేతి వైపు చూస్తున్నాం. చెయ్యి దిగింది, ఇద్దరమూ కదిలాం. నా జన్మలో అంతవరకూ అటువంటి న్యాయం నేను చూడలేదు.

పట్నపు సైకిలు మనుషులకు మాత్రం ఆ న్యాయం పట్టేది కాదు. జవాను చెయ్యెత్తగానే కొందరు గభాలున దిగి, సైకిలును చేత పట్టుకుని, ‘నేను నడిచేవాణ్ణి’ అన్నట్టు బండ్ల మధ్య నుంచి దూరిపోయి, అవతలి పక్క మళ్ళీ ఎక్కేవారు. గద్వాల రైలు గేటు దగ్గరా ఇదే తంతు. గేటు పడితే వేరుశనగ బండ్లు ఆగేవి, సావుకారి గుర్రబ్బండి ఆగేది; సైకిలు కుర్రవాళ్ళు మాత్రం బండిని పక్కకు వాల్చి గేటు కింద నుంచి లాగేవారు. ఒకసారి నేను వద్దని చెప్పబోతే ఒకడు, ‘రైలు నీ మేనమామదా?’ అన్నాడు. నాది కాదు కనుకనే ఆగానని చెప్పాను. వాడు వినలేదు.

ఇక ఆ ఊరి గడి సంగతి. గడి అంటే దొర ఇల్లు: ఎత్తయిన గోడలు, ఇనుప బొడిపెల తలుపు, తలుపుకు రెండు పక్కల అరుగులు. దాని గోడ బాట వెంట నూట నలభై గజాలు ఉండేది. చక్రం చుట్టుకొలతను బట్టి నేనే లెక్కగట్టాను. ఆ నూట నలభై గజాలలో కూలి జనం, మా వంటి కులాలవాళ్ళు చెప్పులు చేతపట్టుకోవాలి, గొడుగు ముడవాలి, సైకిలు ఉంటే దిగి నడిపించుకుంటూ పోవాలి. పట్వారీ దిగనక్కరలేదు. దొర చుట్టాలు దిగనక్కరలేదు. ఈ ఏర్పాటు ఎక్కడా రాసి లేదు, ఎవరూ చాటింపు వేయలేదు. గేటు ముందు తలారి కర్ర పట్టుకుని నిలబడేవాడు. తలారి అంటే ఊరి కావలివాడు. ఆ చాకిరికి బదులు రెండెకరాల చేను అనుభవించేవాడు. వచ్చేది ఎవరో చూసి కర్ర లేపడమో ఊరుకోవడమో అతని పని. ఎవరికి లేపాలో ఊళ్ళో పుట్టినవాడికి చెప్పనక్కరలేదు.

ఆ సోమవారం నాకు లేపాడు.

“దిగు సారూ,” అన్నాడు. యాభై దాటిన మనిషి; తల మీద ఎర్ర రుమాలు.

నేను ఎడమకాలు నేల మీద ఆనించి, కుడికాలు పెడలు మీదనే ఉంచి, సీటు మీద నుంచి లేవకుండా అడిగాను: “ఏమొస్తుంది పెద్దయ్యా అడ్డం?”

“ఏమొస్తది? ఏం రాదు.”

“మరి కర్ర ఎందుకు లేపినవ్?”

“గడి గద సారూ.”

“గడి ఎటూ కదుల్తలేదు. అది దాటిపోయేదాక ఆగాల్నంటే నాకు పొద్దుగూకుతది.”

బిందెలతో ఎదురొస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు. వారిలో పెద్దామె నవ్వింది. “ఓ టీకాల సారూ, ఒక కాలు పెట్టనే పెడితివి. ఇంకోటి గూడ పెట్టరాదూ, దానికేం పుండయ్యిందా?”

“అది కొలువు మీద ఉన్నదమ్మా,” అన్నాను.

తలారికీ నవ్వొచ్చింది, వెంటనే తలుపు వైపు చూసి మింగేశాడు. నేను కుడివైపు చూశాను, ఎడమవైపు చూశాను, బెల్లు కొట్టాను, కర్ర పక్కనుంచి సైకిలు పోనిచ్చాను. వెనక నుంచి “సారూ, సారూ!” అని రెండుసార్లు పిలుపు వినబడింది. నేను తిరిగి చూడలేదు. ఆ రోజు ఆ ఊళ్ళో పంతొమ్మిది మంది పిల్లలకు టీకాలు వేశాను. టీకా వేసిన చోట పొక్కు లేచిందో లేదో ఎనిమిదో నాడు వచ్చి చూడాలి. అంటే మళ్ళీ సోమవారం, జూన్ 24న, నేను ఆ బాటనే రావాలి. ఈ సంగతి నాకూ తెలుసు, గడిలోనూ తెలుసు.

గురువారం, ఇరవయ్యో తేదీ, పగలు పదకొండు గంటలకు తలారి వనపర్తిలో నా గది వెతుక్కుంటూ వచ్చాడు. తెల్లవారుజామున బయలుదేరి నడిచి వచ్చినట్టున్నాడు. మోకాళ్ళ దాకా దుమ్ము. కూర్చోమంటే గుమ్మంలో గొంతుక్కూర్చున్నాడు.

“సారూ, నువ్వు సదువుకున్నోనివి. ఒక్క దిగుడు దిగితె నీదేం పోతది?”

“దొర ఏమన్నడు?”

“ఏమంటడు? ‘వాడు ఇంకోపారి సైకిల్ మీద గడి దాటిండంటె నువ్వు చేన్ల గొర్రు పెట్టకు’ అన్నడు. ఆరుద్రల వాన పడతది. పదును రెండు మూడు దినాలె ఉంటది. గప్పుడు ఇత్తకపోతె ఏడాది గింజల్లేవ్. నేను నా పెండ్లాం, నలుగురు పిల్లలు. నీ సైకిల్ మీద ఇంతమందిమి ఎక్కి కూసున్నం సారూ, జర చూడు.”

దొర నన్నేమైనా అనుంటే నా దగ్గర జవాబులున్నాయి. సైకిలు లాక్కుంటానన్నా, పై అధికారికి రాస్తానన్నా ఏం చెప్పాలో వరుసగా అనుకుని ఉన్నాను. నా ఎదురు తిరగడానికి వెల ఈ మనిషి రెండెకరాలు అవుతుందని నేను అనుకోలేదు.

“సైకిల్ ఊరి బయట పెట్టి నడిచొస్తె?” అన్నాను చివరకు.

“నడిచొస్తె ఏందసలు పంచాది?” అని అతను సంతోషంగా లేచాడు.

ఆ సంతోషం చూసి నాకు ఒళ్ళు మండింది. “లేదు పెద్దయ్యా. ఊరి బయట దిగినా గడికే దిగినట్టు. ఆ మాట మర్చిపో. దా, చాయ్ తాగుదాం.”

హోటలు నాలుగు బాటలు కలిసే చోట ఉండేది. మాబోటి వాళ్ళకు చాయ్ బయట, స్తంభం పక్కన. కూడలి నడుమ ఒక జవాను నిలబడి బండ్లను అదుపు చేస్తున్నాడు. మేము కప్పులు పట్టుకుని నిలబడి ఉండగా పాన్‌గల్ బాట వైపు నుంచి తెరలు కట్టిన ఒక కచ్చురం వచ్చింది. మెడలో ఇత్తడి గంటలున్న రెండు తెల్లని ఎడ్లు. తలారి చప్పున స్తంభం చాటుకు తప్పుకున్నాడు.

“దొరది,” అన్నాడు గుసగుసగా. “లోపట దొర ఉన్నడు.”

అదే సమయానికి అడ్డంగా ఒక కట్టెల బండి వస్తోంది. జవాను కచ్చురం వైపు చెయ్యెత్తాడు.

“దొర బండి!” అని అరిచాడు తోలేవాడు.

“దొర బండైతె ఏంది, దానికి పగ్గాల్లేవా? ఆపు,” అన్నాడు జవాను.

కచ్చురం ఆగింది. తెర కొంచెం జరిగింది. ఉంగరాలున్న ఒక చెయ్యి కనబడి మళ్ళీ లోపలికి పోయింది. కట్టెల బండి తీరిగ్గా దాటింది. దాన్ని తోలేవాడు బీడీ కూడా తీయలేదు. జవాను చెయ్యి దించాడు. కచ్చురం కదిలిపోయింది.

తలారి చాటు నుంచి బయటికి రావడానికి కొంతసేపు పట్టింది.

“కట్టెలోని కోసం దొర ఆగిండు,” అన్నాడు.

“ఆగాలె గద.”

“దిగలే గని, ఆగిండు.”

“దిగే పని లేదు పెద్దయ్యా. ఆగితె చాలు.”

“గా జవానుకు ఎవర్ని ఆపాల్నో ఎవరు చెప్తరు?”

“ఎవరు చెప్పరు. చెయ్యి లేస్తె అందరు ఆగాలె.”

“అందరా?”

“అందరు.”

అతను కప్పు నేల మీద పెట్టి, రుమాలు విప్పి మళ్ళీ చుట్టుకుని వెళ్ళిపోయాడు. సోమవారం నేను దిగుతానో లేదో మళ్ళీ అడగలేదు.

శనివారం, ఇరవై రెండో తేదీ, సాయంత్రం నాలుగున్నరకు వాన పట్టుకుని ఆరు దాటాక వెలిసింది. ఆరుద్ర మొదటి వాన. వనపర్తిలో అందరూ సంతోషించారు. నేను మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను: ఆదివారం నేల ఆరాలి, సోమవారం, మంగళవారం విత్తాలి, బుధవారానికి పదును పోతుంది. ఆ రెండు రోజుల్లో మొదటి రోజే నేను గడి ముందుకు పోవాలి. దిగితే అతని చేను నిలుస్తుంది. దిగకపోతే నేను నాగర్‌కర్నూల్ పోయి పై అధికారికి మొరపెట్టుకోగలను గాని, ఆయన కబురు వచ్చేసరికి చేను ఎండిపోతుంది. ఇంత తెలిసీ నేను దిగకూడదనే నిశ్చయించుకున్నాను. దీన్ని తప్పనేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉండవచ్చు. ఒకసారి దిగినవాడు మళ్ళీ ఎక్కి పోవచ్చని అనుకుంటారు. కాని ఒకసారి దిగితే మా నాయన దిగిన చోటే, ఆయన తండ్రి చెప్పులు విప్పిన చోటే నేనూ నిలబడిపోతాను. నా తర్వాత వచ్చే టీకాల సారు కూడా అక్కడే దిగుతాడు.

సోమవారం ఉదయం ఏడున్నరకు గడి గోడ మొదలయ్యే చోటికి చేరాను. బాట బురదగా ఉంది. తలారి గేటు పక్కన కాక బాట నడుమ నిలబడి ఉన్నాడు. దొర అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు, నేను వస్తానని తెలుసు కనుక. నన్ను చూడగానే తలారి కర్ర లేపాడు. నేను ఆగాను, ఎడమకాలు బురదలో ఆనించాను.

సరిగ్గా అప్పుడే గడి తలుపులోంచి దొర అల్లుడు సైకిలు మీద బయటికి వచ్చాడు. కొత్త పెండ్లికొడుకు, కర్నూలు వైపు చదువుకున్నవాడు, పొద్దున పూట షికారుకు పోయే అలవాటు. తలారి రెండో చెయ్యి చాచి అతనికీ అడ్డం పెట్టాడు.

“ఆగుండ్రి అల్లుడు దొరా!”

అల్లుడు గట్టిగా బ్రేకు పట్టాడు, చక్రం జారింది, పడబోయి కాలు ఆనించాడు. తెల్ల పంచె అంచు బురదలో మునిగింది. “ఏందిరా? నన్నా?”

“కర్ర లేసింది దొరా. లేస్తె అందరాగాలె.”

బిందెల ఆడవాళ్ళు ఆ రోజూ ఉన్నారు. “మామా, మమ్ముల గూడ ఆపినట్టేనా?” అని అరిచింది పెద్దామె.

“నిన్ను ముందుగాల! బిందె కింద పెట్టి నిలబడు.”

అందరమూ నిలబడ్డాం. ఎదురుగా ఉన్న సందులోంచి ఎడ్ల జత వచ్చింది. వాటి కాడి మీద గొర్రు ఉంది, గింజలు పోసి విత్తే జడ్డిగం కట్టి ఉంది. తోలుతున్నది తలారి భార్య. నడుముకు గింజల ఒడి. గడి తలుపు ముందు నుంచి, దొర ముఖం ముందు నుంచి, ఆమె ఎడ్లను బాటకు అడ్డంగా నడిపించింది, చేను వైపు. దొర ఏ చేన్లో గొర్రు పెట్టవద్దన్నాడో ఆ చేను వైపు.

“జర ఆగుండ్రి దొరా,” అంది అల్లుడితో, చాలా మర్యాదగా. “బెల్లు కొట్టకుండ్రి, ఎడ్లు కొత్తయి, బెదురుతయ్.”

అల్లుడు బెల్లు మీద నుంచి చెయ్యి తీశాడు. అలవాటు కొద్దీ తీశాడు; కర్నూలులో అతనూ కూడళ్ళలో ఆగినవాడే కావచ్చు.

ఎడ్లు దాటాయి. తలారి కర్ర దించి, “ఇంక పోండ్రి,” అన్నాడు.

ఎవరూ కదల్లేదు. దొర కుర్చీలోంచి లేచాడు. “ఒరే, నిన్నాడ నిలబెట్టింది మా అల్లున్ని ఆపనీకెనారా?”

తలారి రుమాలు తీసి చేత పట్టుకున్నాడు. గొంతు మాత్రం తగ్గలేదు. “ఎవర్ని ఆపాల్నో మీరు చెప్పకపోతిరి దొరా. ‘కర్ర లేపు’ అంటిరి, లేపిన. వనపర్తిల జవాను గూడ గిట్లనే లేపుతడు. మొన్న బేస్తవారం మీ కచ్చురం ఆగింది గద, కట్టెల బండి దాటేదాక. మీరు దిగలే. గందుకె నేను గూడ ఎవర్ని దిగుమంటలేను. ఆగుమంటున్న.”

దొర ఏదో అనబోయాడు. ఈలోగా అల్లుడు తల తిప్పి, నిజంగానే తెలుసుకోగోరి, అడిగాడు: “అవునా మామా? కట్టెల బండి కోసం మీరు ఆగిన్రా?”

కొత్త అల్లుడి ముందు అవునంటే చిన్నతనం. కాదంటే చూసిన మనిషి ఎదుటే ఉన్నాడు. తలారిని కొట్టించాలన్నా, ‘కర్ర వీడికి లేపు, వాడికి లేపకు’ అని ఆడవాళ్ళు వింటుండగా నోరు తెరిచి చెప్పాలి. తరతరాలుగా ఎవరూ పైకి అనకుండా నడిచిన మాట అది. అనవలసి వచ్చేసరికి ఆయనకు నోరు రాలేదు. దొర నా వైపు చూశాడు. నేను సీటు మీదనే ఉన్నాను. ఆయన కండువా భుజాన వేసుకుని లోపలికి పోయాడు.

అల్లుడు పంచె దులుపుకుని, నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసి, బెల్లు కొట్టి వనపర్తి వైపు పోయాడు. నేను బెల్లు కొట్టి పాన్‌గల్ వైపు పోయాను. ఆ రోజు చూసిన పంతొమ్మిది మంది పిల్లలలో పదిహేడు మందికి పొక్కు సరిగ్గా లేచింది.

నాలుగో రోజు తలారిని గేటు దగ్గర నుంచి తీసేశారు. ఊళ్ళ వెంట కబుర్లు మోసే పని ఇచ్చారు. మరొకణ్ణి నిలబెట్టలేదు. నిలబెడితే ఎవరికి లేపాలో చెప్పాలి కదా. చేను జోలికి పోలేదు. గింజ అప్పటికే భూమిలో పడింది. జొన్న, నడుమ కంది సాళ్ళు. పంట ఇంటికి వచ్చిందని తలారి నాతో చెప్పాడు. ఎంత వచ్చిందో చెప్పలేదు, నేను అడగలేదు. ‘నీ సైకిల్‌కు దండం సారూ,’ అన్నాడు ఒకసారి. ‘నీ కర్రకు పెట్టుకో పెద్దయ్యా,’ అన్నాను.

కొందరు ఆ తర్వాతా దిగేవారు. కర్ర లేదని చెప్పినా, కాళ్ళు వాటంతట అవే దిగేవి. వారిని నేను ఏమీ అనలేదు. కాని దిగకుండా పోయిన ప్రతి సైకిలుకూ ఎదురుపడినప్పుడు బెల్లు కొట్టేవాణ్ణి.

1943 మార్చి 31న నాకు బదిలీ అయింది. అప్పటిదాకా, పోవడం రావడం కలిపి, ఆ గడి ముందు నుంచి నేను నూట పద్నాలుగు సార్లు సైకిలు మీద వెళ్ళాను. కర్ర లేచి ఆగినవి రెండు. దిగింది ఒకటి, వెనక చక్రం పంక్చరైనందుకు. దొర కోసం దిగింది సున్నా.